టర్బోకి ముందా, తర్వాతా? లారీ ఎగ్జాస్ట్ లీకు వెతికే పద్ధతులపై ఒక సమీక్ష

తెల్లవారుజామున ముత్తుకూరు రోడ్డు పక్కన వరసగా నిలిపిన లారీల్లో ఇంజన్లు ఒక్కొక్కటే మొదలవుతుంటే, ఆ మోతలో అప్పుడప్పుడు సన్నగా ఒక టిక్కుటిక్కు వినబడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, పది నిమిషాల్లో వేడెక్కేసరికి మాయమవుతుంది. "ట్యాపెట్లు కొడతా ఉండాయి, తీరికైనప్పుడు సెట్ చేయిద్దాం" అనుకుని డ్రైవరు గేరేస్తాడు. కృష్ణపట్నం రేవులో బొగ్గు నింపుకుని, నెల్లూరు దాటి, ఆత్మకూరు మీదుగా వెలికొండల ఎత్తు ఎక్కే చోట బండి లాగదు. నాలుగో గేరులో పోవాల్సిన చోట రెండో గేరుకి దిగాల్సి వస్తుంది. తిరిగొచ్చాక షెడ్డులో చెప్పే మాట ఒకటే: "టర్బో పోయింది." పొద్దున విన్న టిక్కుటిక్కుకీ, ఎత్తులో లాగకపోవడానికీ చుట్టరికం ఉందని ఎవరికీ తోచదు.

మా ఇంట్లో రెండు లారీలున్న రోజుల్లో ఒకదానికి అచ్చం ఇదే జరిగింది. టర్బో మార్పించాం. రెండో ట్రిప్పుకే మళ్లీ అదే వరస. చివరికి పట్టుకున్నది ఒక ముసలి మేస్త్రీ. క్యాబిన్‌లో ఇంజన్ మూత ఎత్తి, టార్చి కొట్టి, ఆరో సిలిండరు దగ్గర, సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే మేనిఫోల్డ్ కింది అంచు చూపించాడు. చీపురుపుల్లంత వెడల్పున హెడ్డు మీద మసి చార. దాని పైన తల తెగిన స్టడ్డు. జానెడు దూరంలో కొత్త టర్బో మెరుస్తా ఉంది. "దీన్ని చూసి దాన్ని మార్చినారు నాయనా" అన్నాడాయన, అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మసి చార నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తర్వాత చాలా ఏళ్లపాటు షెడ్డుల్లో కూర్చుని ఈ ఒక్క ప్రశ్న మీద ఎవరేం చేస్తారో గమనిస్తూ వచ్చాను. పొగ దారిలో చిల్లు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి? ఎవరి పద్ధతి ఎంతవరకు నమ్మదగింది?

ముందుగా ఈ చిల్లు ఎందుకంత ముఖ్యమో చూడాలి. టర్బో లేని పాత ఇంజన్‌కి ఎగ్జాస్ట్ దారిలో లీకు పడితే చప్పుడు పెరుగుతుంది, వాసన వస్తుంది, బండి బలం మాత్రం పెద్దగా తగ్గదు. టర్బో వచ్చాక లెక్క మారిపోయింది. బయటికి పోయే పొగలో మిగిలి ఉన్న వేడినీ ఒత్తిడినీ వాడుకుని ఇంజన్‌కి ఎక్కువ గాలి అందించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ దేశపు సౌరర్ కంపెనీ 1938లో టర్బో లారీని రోడ్డు మీదికి తెచ్చింది. మన లారీలకి అది మామూలు విషయం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1993లో టాటా కమ్మిన్స్ ఏర్పడటం, 2000 తర్వాత భారత్ స్టేజ్ నిబంధనలు ఒక్కో మెట్టు బిగుస్తూ రావడంతో టర్బో లేని పెద్ద లారీ అరుదైపోయింది. మనకి పొరుగునే ఉన్న ఎన్నూరులో తయారయ్యే అశోక్ లేలాండ్ బండ్లు, ఒరగడంలో 2012 నుంచి వస్తున్న భారత్‌బెంజ్ బండ్లు, టాటా బండ్లు అన్నీ ఇవాళ పొగ తోసే చక్రం మీదే బలం తెచ్చుకుంటున్నాయి. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. దానికి అందాల్సిన పొగలో కొంత దారిలోనే బయటికి పోతే చక్రం ఆలస్యంగా అందుకుంటుంది, గాలి తక్కువ తోస్తుంది, డీజిల్ సరిగా కాలదు. కాలిన డీజిల్‌కి తగ్గ బలం బండి చక్రాలకి చేరదు.

అందుకే లీకు ఉందా లేదా అన్న దాని కంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. లీకు టర్బోకి ముందా, తర్వాతా? సిలిండర్ హెడ్డు నుంచి టర్బో దాకా ఉన్న రెండు మూడు అడుగుల దారిలో లీకైతే బలం పోతుంది. టర్బో తర్వాత, సైలెన్సర్ వైపు లీకైతే బలం అంతగా పోదు, వాసనా చప్పుడూ వస్తాయి. కొత్త బండ్లలో సెన్సార్లు తప్పు చెబుతాయి. లాగడం లేదని వచ్చిన బండికి సైలెన్సర్ పైపు వెల్డింగ్ చేయించి పంపడం, పొగ వాసనని వచ్చిన బండికి మేనిఫోల్డ్ విప్పడం రెండూ నేను చూశాను. రెండు చోట్లా పని నాణ్యంగానే జరిగింది. కాకపోతే ఒకచోట రోగానికి ఇంకోచోట మందు వేశారు.

మన తీరంలో ఈ రోగం ఎక్కువ కావడానికి కారణాలు ఉన్నాయి. మొదటిది ఉప్పుగాలి. కృష్ణపట్నం, మైపాడు, కోడూరు వైపు తిరిగే బండ్లకి మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి వచ్చే గాలి ఇనుమును ఊరికే వదలదు. రోజూ కాలి, రోజూ చల్లారే స్టడ్డు, నట్టు ముందుగా తుప్పు పడతాయి. రొయ్యల బండ్ల సంగతి మరీ కష్టం. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు చెరువుల దగ్గర ఐసులో వేసిన వన్నామీ రొయ్యలు నింపుకుని బయల్దేరిన బండి దారి పొడుగునా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోతుంది. ఆ నీళ్లు ఛాసిస్ మీదా, సైలెన్సర్ బ్రాకెట్ల మీదా, వేడిగా ఉన్న పైపు మీదా పడతాయి. రెండోది బరువు. బొగ్గు, పంతపాళెం నూనె ట్యాంకర్లు, నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద, చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక, ఏది చూసినా నిండు లోడే. కృష్ణపట్నం నుంచి బళ్లారి మీదుగా హుబ్బళ్లి దాటి పోయే 67వ నంబరు జాతీయ రహదారిలో వెలికొండల ఎత్తు ఎక్కేటప్పుడు రాత్రిపూట ఇంజన్ మూత ఎత్తి చూస్తే టర్బో ఒళ్లు నిప్పుకణికలా ఎర్రగా కనిపిస్తుంది. పోత ఇనుము అలా కనిపించాలంటే 550, 600 డిగ్రీల వేడి ఉండాలి.

ఆ వేడి ఏం చేస్తుందో ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఆరు సిలిండర్ల ఇంజన్ మేనిఫోల్డ్ పొడవు సుమారు 80 సెంటీమీటర్లు అనుకుందాం. పోత ఇనుము మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీకి 11 మైక్రాన్ల దాకా సాగుతుంది. 500 డిగ్రీలు పెరిగితే ఆ మేనిఫోల్డ్ 4 మిల్లీమీటర్లకి పైగా పొడుగవుతుంది. దాన్ని పట్టుకున్న హెడ్డు నీళ్లతో చల్లబడుతూ 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ మాత్రమే సాగుతుంది. మిగతా తేడా అంతా స్టడ్లు భరించాలి. మధ్యలో ఉన్న వాటికి కదలిక తక్కువ. కొసల్లో ఉన్న ఒకటో సిలిండరు, ఆరో సిలిండరు స్టడ్లు ప్రతి ట్రిప్పులోనూ అటూ ఇటూ వంగుతాయి. ఏళ్ల తరబడి వంగిన తీగ తెగినట్టే అవీ తెగుతాయి. తయారీదారులకి ఇది తెలియక కాదు. అందుకే చాలా ఇంజన్లకి మేనిఫోల్డ్‌ని రెండు మూడు ముక్కలుగా చేసి, ఒకదానిలో ఒకటి జారేలా అతుకు పెడతారు. ఆ జారే అతుకు మసితోనూ తుప్పుతోనూ పట్టేసిందంటే ముక్కలన్నీ కలిసి మళ్లీ ఒకే కడ్డీ అయిపోతాయి. మన బండ్లలో తుప్పు వల్ల ఇది త్వరగా జరుగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కు వచ్చి, వేడెక్కాక పోవడానికి కూడా ఈ సాగడమే కారణం. ఇనుము సాగి సందు మూసుకుంటుంది. లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడు ఆ సందు మళ్లీ తెరుచుకుంటుంది, కానీ అప్పటికి రోడ్డు మోతలో వినపడదు. కాబట్టి లీకు వెతికే మొదటి పరికరం చెవి, మొదటి సమయం తెల్లవారుజాము. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లో చెప్పగలిగినంత ఆ తర్వాత రోజంతా చెప్పలేం. పది గంటలకి తాళం తీసే షెడ్డుకి వేడి బండిని తోలుకొచ్చి చూపించడం వల్ల సగం సాక్ష్యం దారిలోనే పోతోంది. బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున్నే మేస్త్రీ చేత స్టార్ట్ చేయించమని నేను అందరికీ చెబుతాను.

చెవికి ఒక లెక్క తోడైతే ఇంకా మంచిది. ఐడిల్‌లో ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారి పొగ వదులుతుంది. అంటే నిమిషానికి 300 సార్లు, సెకనుకి 5 సార్లు. ఒక సిలిండరు నోటి దగ్గర లీకైతే సెకనుకి ఐదు టిక్కులు విడివిడిగా వినపడతాయి. ఆరు సిలిండర్ల పొగా కలిసిన తర్వాత, టర్బో అంచు దగ్గరో పైపులోనో లీకైతే సెకనుకి ముప్పై. వాటిని చెవి విడదీయలేదు, భర్రుమని ఒకే మోతగా వింటుంది. ఈ ఒక్క తేడాతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. ట్యాపెట్ చప్పుడు కూడా సెకనుకి ఐదే గనక పొరపాటు పడే వీలుంది. ట్యాపెట్ చప్పుడు లోహం మీద లోహం తగిలిన చప్పుడు, ఇంజన్ వేడెక్కినా పూర్తిగా పోదు. లీకు చప్పుడులో గాలి ఉంటుంది, వేడెక్కితే తగ్గుతుంది. అడుగున్నర రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసని అతుకుల వెంట నడిపితే చోటు ఇంకా దగ్గరవుతుంది. ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా, గొట్టం మేనిఫోల్డ్‌కి తగలకుండా చూసుకోవాలి.

ఏ సిలిండరో తేల్చుకోవడానికి పాత మేస్త్రీలు ఇంకో పని చేసేవాళ్లు. ఇంజన్ తిరుగుతుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఆ సిలిండర్‌ని చంపేవాళ్లు. ఏ సిలిండర్‌ని ఆపితే టిక్కు మెత్తబడిందో లీకు దానిదే. పాత పంపు ఇంజన్లకి ఇది చక్కటి పద్ధతి. కామన్ రైల్ ఇంజన్‌కి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అందులో డీజిల్ 1,600 బార్లకి పైబడిన ఒత్తిడిలో ఉంటుంది. వదులైన నట్టు సందులోంచి వచ్చే సన్నటి ధార చర్మాన్ని కోసి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది గానీ చెయ్యి తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం. అలాంటి బండికి స్కానర్ పెట్టి సిలిండర్లని ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. పాత చేతిపని తెలిసిన మేస్త్రీకి కొత్త ఇంజన్ ఇచ్చేముందు యజమాని ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి.

రెండో పరికరం కన్ను. డీజిల్ పొగ తన దారిని తానే రాసిపెట్టి పోతుంది. లీకున్న చోట నల్లటి మసి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. మన తీరం బండ్లలో చిక్కు ఏమిటంటే ఎర్రతుప్పు, బొగ్గుపొడి, నూనె జిడ్డు కలిసి ఈ రాతను చెరిపేస్తాయి. పాత లీకు బాగుచేశాక మిగిలిన మసి కూడా కొత్త లీకులా కనిపిస్తుంది. అందుకని మసి చూడగానే తీర్పు చెప్పకూడదు. వైరు బ్రష్షుతో అతుకులన్నీ శుభ్రంగా తోమి, బండిని లోడు మీద ఒక ట్రిప్పు తిప్పి, మళ్లీ చూడాలి.

ఈ పనికి నేను చూసిన వాటిలో నాకు బాగా నచ్చింది గూడూరు దగ్గర ఒక చిన్న షెడ్డులో చేసిన పద్ధతి. మేస్త్రీ ఇంటి నుంచి రాతిముగ్గుపిండి తెప్పించాడు. నీళ్లలో చిక్కగా కలిపి, చల్లటి మేనిఫోల్డ్ అతుకుల చుట్టూ, టర్బో అంచుల చుట్టూ, క్లాంపుల చుట్టూ పెయింట్ బ్రష్షుతో పూశాడు. ఆరాక ఇంజనంతా పండగనాటి వాకిలిలా తెల్లగా ఉంది. డ్రైవర్ని లోడుతో నాయుడుపేట దాకా పోయి రమ్మన్నాడు. తిరిగొచ్చాక మూత ఎత్తితే, ఒకటో సిలిండరు పై అంచున తెలుపు మీద ఒకే ఒక్క నల్లగీత, పెన్సిలుతో గీసినట్టు. మిగతా అంతా తెల్లగానే ఉంది. పైసా ఖర్చు లేదు, అనుమానమూ లేదు. డ్రైవరుకి చూపించి ఒప్పించడానికి కూడా ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. లోడు మీద మాత్రమే తెరుచుకునే లీకుని కూడా ఇది పట్టుకుంటుంది. షెడ్డులో నిలబెట్టి చేసే పరీక్షల్లో ఏదీ ఆ పని చేయలేదు.

సబ్బునీళ్ల పరీక్షని చాలామంది గొప్పగా చెబుతారు. నేను అంత గొప్పగా చెప్పను. చల్లటి ఇంజన్‌కి సైలెన్సర్ కొస నుంచి కంప్రెసర్ గాలి నాలుగైదు పీఎస్‌ఐకి మించకుండా ఎక్కించి, అతుకుల మీద సబ్బునురుగు పూస్తే బుడగలు లేస్తాయి. సైలెన్సర్ పైపు, బెలోస్ అనే మడతల గొట్టం, క్లాంపుల లీకులకి ఇది మంచిదే. కానీ ఆరు సిలిండర్ల ఇంజన్ ఎక్కడ ఆగినా ఏదో ఒక ఎగ్జాస్ట్ వాల్వు తెరిచే ఉంటుంది. ఎక్కించిన గాలి సిలిండర్‌లోకి పోయి, ఒక్కోసారి ఇన్‌టేక్ వైపు నుంచి బయటికొస్తుంది. ఆ సుయ్‌మనే చప్పుడు విని లీకు అనుకుని హెడ్డు విప్పిన సందర్భాలు ఉన్నాయి. అదీగాక చల్లటి ఇనుము మీద నాలుగు పీఎస్‌ఐకి మూసుకుని ఉన్న సందు, వేడి మీద అసలు ఒత్తిడికి తెరుచుకోవచ్చు. బుడగ వస్తే లీకు ఉన్నట్టే, రాకపోతే లేనట్టు కాదు. వేడి మేనిఫోల్డ్ మీద నీళ్లు చల్లి పరీక్షించడం మాత్రం శుద్ధ తప్పు. పోత ఇనుము పగులుతుంది, అప్పటిదాకా లేని లీకుని మనమే తయారు చేసినట్టవుతుంది.

ఇక అగరుబత్తి. వెలిగించిన బత్తిని అతుకు వెంట నడిపితే లీకు దగ్గర పొగ చెదురుతుందన్నది నిజమే. ఫ్యాను గాలి లేని చోట, సైలెన్సర్ భాగాల్లో పనికొస్తుంది. ఇంజన్ దగ్గర ఫ్యాను తిరుగుతుంటే అన్నిచోట్లా చెదురుతుంది. దూరం నుంచి వేడి కొలిచే గన్ను కూడా లీకుని నేరుగా చూపదు. ఏ సిలిండరు సరిగా మండడం లేదో చూపిస్తుంది, అంతే.

వీటన్నిటికంటే తక్కువగా వాడుకలో ఉండి, ఎక్కువ పనికొచ్చే ఉపాయం బండిలోనే ఉంది. అది ఎగ్జాస్ట్ బ్రేకు. పెద్ద లారీల్లో టర్బో తర్వాత పైపులో ఒక రేకుతలుపు ఉంటుంది. స్విచ్ వేస్తే అది మూసుకుని, ఇంజన్‌కీ తలుపుకీ మధ్య ఉన్న భాగమంతా ఒత్తిడి పెరుగుతుంది. దిగుడు దారిలో బండిని పట్టుకోవడానికి పెట్టిన ఈ ఏర్పాటు లీకు వెతకడానికి కూడా అంతే బాగా పనికొస్తుంది. బండి నిలిపి, ఐడిల్ కంటే కాస్త పెంచి, కొన్ని సెకన్లు ఆ తలుపు మూసి వినాలి. కొన్ని బండ్లలో నిలబెట్టినప్పుడు ఇది పనిచేయదు. అప్పుడు దిగుడులో ఒకరు తోలుతుంటే ఒకరు వినాలి. చప్పుడు ఒక్కసారిగా గట్టిపడితే లీకు తలుపుకి ముందుంది. మార్పు లేకపోతే తలుపు తర్వాత, సైలెన్సర్ వైపు ఉంది. ఆ వైపుని తేల్చుకోవడానికి పాత బండ్లకి తడి గోనెసంచి మడిచి సైలెన్సర్ మూతికి క్షణంసేపు అడ్డం పెడితే చాలు. ఈ రెండు పనులకీ ఐదు నిమిషాలు పట్టదు. స్పానర్ ముట్టుకోకముందే ముందా తర్వాతా అన్న ప్రశ్నకి చాలావరకు జవాబు దొరుకుతుంది. ఆ తలుపు కడ్డీ తిరిగే బుష్షు కూడా అరిగి లీకవుతుందని గుర్తుంచుకోవాలి; చాలామంది ఎప్పటికీ చూడని చోటు అది.

లీకని పొరబడేవి ఇంకో రెండున్నాయి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కీ, అక్కడి నుంచి ఇంజన్‌కీ పోయే గాలి పైపు చిరిగినా బండి లాగదు, నల్లపొగ వస్తుంది, సుయ్‌మంటుంది. రెంటికీ తేడా మరకలో ఉంది. ఎగ్జాస్ట్ లీకు దగ్గర పొడిమసి, గాలి పైపు లీకు దగ్గర పలచటి నూనె తడి. వేలితో తుడిచి చూస్తే తెలిసిపోతుంది. లాగని బండికి మొదట గాలి పైపులు చూడడమే సబబు. అవి రబ్బరు, ముందుగా పోయేవి అవే, చూడడం తేలిక. రెండోది క్యాబిన్ వాసన. ఇంజన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆవిరి కాగిన నూనె వాసన. ఎగ్జాస్ట్ లీకైతే కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది.

నల్లపొగ విషయంలో ఒక మాట చేర్చాలి. లీకుంటే నల్లపొగ రావాలి అన్నది పాత పంపు ఇంజన్లకి చెల్లుతుంది. టర్బో ఒత్తిడిని బట్టి డీజిల్ తగ్గించే పంపులున్న ఇంజన్లూ, కంప్యూటర్ ఉన్న కామన్ రైల్ ఇంజన్లూ గాలి తగ్గగానే డీజిల్ కూడా తగ్గించేస్తాయి. పొగ రాదు, బలమే తగ్గుతుంది. "పొగ లేదు గదా, లీకెక్కడిది?" అన్న వాదన చాలా షెడ్డుల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. అది ఆ పాత ఇంజన్ల కాలం నాటి అనుభవం.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక ఈ ప్రశ్నకి ఇంకో పొర చేరింది. టర్బో తర్వాతి దారి ఇప్పుడు ఉత్త పైపు కాదు. మసి పట్టే డీపీఎఫ్, యూరియా నీళ్లు చిమ్మే ఎస్‌సీఆర్, ముందొకటి వెనకొకటి నాక్స్ సెన్సార్లు. ఒకప్పుడు వాసనతో సరిపెట్టుకున్న లీకు ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగించి బండి బలం కోసేస్తుంది. పొగ దెబ్బదెబ్బగా వస్తుంది గనక ఒక్కో దెబ్బకీ మధ్య చిల్లు లోంచి బయటి గాలి కొద్దిగా లోపలికి జొరబడుతుంది. సెన్సార్ ఆ గాలిని కూడా కలిపి కొలుస్తుంది. స్కానర్ చూసిన కుర్రాడు సెన్సార్ పోయిందంటాడు. కొత్త సెన్సార్ వేస్తారు. నెల తిరక్కుండా అదే కోడు. నా చిన్నప్పుడు టర్బోకి పట్టిన గతే ఇప్పుడు సెన్సార్‌కి పట్టింది. కోడు ఎక్కడ తేడా కనిపించిందో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. ఎగ్జాస్ట్ సెన్సార్ మార్చే ముందు దాని ముందున్న ప్రతి అతుకునీ చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ కొత్త బండ్లు కంటికి ఒక కొత్త గుర్తు కూడా ఇచ్చాయి. యూరియా నీళ్లు చిమ్మే చోటుకి ముందు లీకైతే మసి నల్లగా ఉంటుంది. తర్వాత లీకైతే అతుకు చుట్టూ ఉప్పుమడిలో పేరుకున్న ఉప్పులా తెల్లటి పలుకులు కడతాయి. నీళ్లలో 32.5 శాతం ఉన్న యూరియానే అలా గట్టిపడుతుంది. ఇసకపల్లి ఉప్పుకయ్యలు చూసి పెరిగిన మన డ్రైవర్లకి దీన్ని గుర్తుపట్టడం ఒకసారి చెబితే చాలు. డీపీఎఫ్ బాగున్న బండి సైలెన్సర్ మూతి లోపల వేలు పెడితే మసి అంటకూడదు. ఈ బండ్లకి గోనెసంచి పద్ధతి వద్దు. మసి కాల్చుకునే రీజెన్ సమయంలో ఆ దారంతా భగ్గుమనే వేడి మీద ఉంటుంది. కంప్రెసర్ గాలి కూడా మూతి నుంచి కాకుండా డీపీఎఫ్ డబ్బాకి ముందున్న పైపు నుంచే ఎక్కించాలి.

చిల్లు దొరికాక పని అయిపోయినట్టు కాదు. అతుకు మధ్య వేసే ప్యాకింగ్ మూడోసారి పోయిందంటే తప్పు ప్యాకింగ్‌ది కాదు. సైలెన్సర్ బ్రాకెట్ ఒకటి ఉప్పుకి తిని విరిగితే ఆ బరువంతా టర్బో అంచుకి వేలాడుతుంది. ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చచ్చితే స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ఇంజన్ ఊగి బెలోస్‌ని చింపుతుంది. రేవు లోపలి గుంతల్లో రోజూ తిరిగే టిప్పర్లకి కొత్త బెలోస్ ఆరు నెలలు ఉండడం లేదంటే ముందు ఆ రబ్బర్లు నొక్కి చూడాలి. మేనిఫోల్డ్ వంగి ఉంటే ఎన్ని ప్యాకింగులు వేసినా దండగ. విప్పిన మేనిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు అంచు ఆనించి, సందులో ఫీలర్ గేజ్ దూర్చి కొలవాలి. వంగితే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించాలి. పగిలిన పోత ఇనుముకి వెల్డింగ్ చేయించడాన్ని నేను సమర్థించను. నికెల్ రాడ్డుతో, ముందుగా వేడిచేసి, జాగ్రత్తగా చేసినా ఆ వేడిమీద చాలా వరకు పక్కనే మళ్లీ పగులుతుంది. తాత్కాలికంగా ఇల్లు చేరడానికైతే సరే. టర్బోకి ముందు సిలికాన్ గమ్ము పూయడం మరీ తప్పు. అక్కడి వేడికి అది నిలవదు, ఊడిన ముక్క నేరుగా టర్బో రెక్కల్లోకే పోతుంది.

స్టడ్డు ఒకటి తెగితే ఒకటే మార్చాలా, అన్నీ మార్చాలా అన్న దాని మీద షెడ్డుల్లో రెండు వాదాలు. ఒకటే మార్చేవాళ్లు తుప్పుపట్టిన మిగతావాటిని కదిలిస్తే అవీ తెగుతాయని భయపడతారు. ఆ భయం నిజమే. ఆ భయం నిజమైతే అవి ఆయుష్షు తీరినవనే కదా అర్థం. లోపలి ప్రాంతాల బండ్లకి ఏమోగానీ, ఉప్పుగాలిలో తిరిగే బండికి సెట్టు మొత్తం మార్చడమే చివరికి చవక. మరలకి కాపర్ పేస్టు రాసి, మధ్య నుంచి కొసలకి వరసగా బిగించి, ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ బిగువు చూడాలి. ఆ రెండో బిగింపుకి బండి తిరిగి రాకపోవడం వల్లే సగం ప్యాకింగులు మళ్లీ పోతున్నాయి. పాత ప్యాకింగులు కొన్నిటిలో ఆస్బెస్టాస్ ఉండేది. వాటిని గీకేటప్పుడు పొడిగా కాకుండా తడిపి గీకాలి.

ఇదంతా డీజిల్ ఖర్చు, టర్బో ఖర్చు లెక్కల్లోనే మాట్లాడుకుంటాం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. మన లారీల్లో ఇంజన్ డ్రైవరు తొడ పక్కనే, మూత కింద ఉంటుంది. లీకున్న మేనిఫోల్డ్‌కీ ఆయన ముక్కుకీ మధ్య ఒక రేకు, ఒక పాత రబ్బరు బీడింగు అడ్డం. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ డీజిల్ పొగని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి తరగతిలో చేర్చింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 115వ నియమం ప్రకారం బీఎస్-4కి ముందరి డీజిల్ బండ్లకి 65, బీఎస్-4 బండ్లకి 50 హార్ట్రిడ్జ్ యూనిట్లకి మించి పొగ ఉండకూడదు. ఆ పరీక్షలో గొట్టం పెట్టేది సైలెన్సర్ మూతిలో. మేనిఫోల్డ్ దగ్గరే బయటపడి క్యాబిన్‌లోకి ఎక్కే పొగని ఆ గొట్టం చూడదు. బండికి సర్టిఫికెట్ వస్తుంది, డ్రైవరుకి దగ్గు మిగులుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ లీకున్న బండిలో అద్దాలు మూసుకుని పడుకుంటే ముప్పు తగ్గదు, పెరుగుతుంది. రేవు బయట క్యూలో రాత్రంతా ఇంజన్ ఆన్ చేసి నిద్రపోయే డ్రైవర్లని ఎందరినో చూశాను. పొద్దున లేచేసరికి తలనొప్పిగా ఉంటోందని ఎవరైనా చెబితే నిద్ర చాలలేదనుకోకుండా ఇంజన్ మూత ఎత్తి బీడింగు లోపలి వైపు తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి మసి అంటితే ఆ రోజు లోడు ఎక్కించొద్దు.

చివరగా యజమానులకి ఒక విన్నపం. మేనిఫోల్డ్ పని చేయించినప్పుడు పాత ప్యాకింగ్ అడిగి తీసుకోండి. షెడ్డులో దాన్ని పారేస్తారు గానీ, లీకు చరిత్రంతా దాని మీద ఉంటుంది. గట్టిగా పట్టిన చోట రంధ్రం చుట్టూ వలయం బూడిదరంగులో శుభ్రంగా ఉంటుంది. లీకైన చోట ఆ వలయాన్ని తెంచుకుంటూ నల్లచార బయటికి పోతుంది. చార ఎటు పోయిందో చూస్తే ఏ స్టడ్డు వదులైందో, మేనిఫోల్డ్ ఎటు వంగిందో తెలుస్తుంది. మా లారీ ఆరో సిలిండరు ప్యాకింగ్ నా దగ్గర ఇంకా ఉంది. మూడు వైపులా వలయం చెక్కుచెదరలేదు. కింది అంచున, తెగిన స్టడ్డు రంధ్రం వైపుకి, చిటికెనవేలు గోరంత వెడల్పున నల్లచార. అందులో మొదట్లో పడిన పాతమసి రాయిలా గట్టిపడి ఉంది, దాని మీద మెత్తటి కొత్తమసి. ఆ రెండు పొరలూ చూస్తే లీకు కొత్త టర్బో రాకముందు నుంచే ఉందని అర్థమవుతుంది.